గబ్బిలం భక్తికావ్యమా? విశ్వాసం, కళ, కల్పన కలిసే చోటు గురించి ఒక చర్చ

నల్లమల (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం. ఈ వేదికలో భక్తి సాహిత్యం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా మాట పోతన, అన్నమయ్య, త్యాగయ్యల దగ్గర మొదలై అక్కడే ముగుస్తున్నది. వారి తరువాత తెలుగులో విశ్వాసానికీ కవిత్వానికీ పొత్తు కుదరలేదన్నట్టుగా మనం మాట్లాడుకుంటున్నాము. ఆ పొత్తు ఇరవయ్యో శతాబ్దంలోనూ, ఈనాటి కథల్లోనూ సాగుతూనే ఉన్నదని, అయితే దేవుడి పేరు అట్టమీద ఉన్న పుస్తకాలలోనే మనం దాన్ని వెతుకుతున్నామని నా అభిప్రాయం. అందుకు గుర్రం జాషువా రచనలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను.

మొదటిది 1941 నాటి గబ్బిలం. రెండవది 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన క్రీస్తుచరిత్ర. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు కనుక, విశ్వాసంతో రాసిన కావ్యం ఏదని అడిగితే ఎవరైనా రెండవదాని పేరే చెబుతారు. నేను మొదటిదాని పేరు చెబుతాను.

గబ్బిలంలో కథ చాలా చిన్నది. గుడిలోకి రానివ్వని కులంలో పుట్టిన ఒక నిరుపేద రాత్రివేళ తన గుడిసెలో ఉంటాడు. ముక్కూ మొగమూ ఉన్న చీకటి ముద్దలాగా ఒక గబ్బిలం లోపలికి వచ్చి తిరుగుతుంది. దాని రెక్కల గాలికి అతని చిన్న ఆముదపు దీపం మెల్లగా ఆరిపోతుంది. ఉన్న ఒక్క దీపాన్నీ ఆర్పిన ఆ ప్రాణిని అతడు తిట్టడు, తరిమివేయడు; దానితో తన గోడు చెప్పుకొని, కాశీలో ఉన్న శివుడికి విన్నవించమని పంపుతాడు. కాళిదాసు యక్షుడు భార్యకు దూరమై మేఘాన్ని పంపితే, ఇతడు దేవుడికి దూరమై గబ్బిలాన్ని పంపుతున్నాడు. ఇంటిలోకి వస్తే అశుభమని లోకం భయపడే జీవి అది. కానీ దానికి గర్భగుడిలో అడ్డు లేదు. ఆలయంలో నీవు తలకిందులుగా వేలాడుతున్నప్పుడు శివుడి చెవి నీకు కొంచెం దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి నా బ్రతుకు కథ ఆయనకు వినిపించు అంటాడు.

నా వాదమంతా ఆ ఒక్క ఊహ మీద నిలబడి ఉన్నది. వినేవాడు ఉన్నాడని నమ్మనివాడు ఎవరి చెవి ఎంత దూరంలో ఉన్నదో లెక్క వేయడు. ఒక మనిషి విశ్వాసం ఎంత గాఢమైనదో, అతని కోపం ఎంత న్యాయమైనదో ఒకే కొలతతో చెప్పగలిగిన పద్యం అది. స్తోత్రం రాసిన కవికంటే దేవుడి ముందు దావా వేసిన కవి ఎక్కువ నమ్మినవాడని నేను అంటాను. ఇందుకు ఒప్పుకోని వారు ఉంటారని తెలుసు. వారి మాట వినడానికే ఈ చర్చ పెట్టాను.

పద్యపాఠకుడు

నల్లమల గారూ, ఆ పద్యం గురించి మీరు చెప్పినది బాగున్నది. కానీ మీరు చేరిన తీర్మానం నాకు ప్రమాదకరంగా తోస్తున్నది. గబ్బిలం ధిక్కార కావ్యం. నాలుగు పడగల సర్పంగా వర్ణ వ్యవస్థను చూపిన కవిని తీసుకువచ్చి భక్తుల వరుసలో కూర్చోబెడితే, ఆ పాము కోరలు పీకినట్టే అవుతుంది. మన సాహిత్య సమాజానికి ఈ అలవాటు ఉన్నది. వేమనను యోగిని చేసి పద్యాల పదును తగ్గించుకున్నాము. ఎదురు ప్రశ్న వేసినవాడికి దండ వేసి గదిలో పటం కట్టుకుంటే, ఇక ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం ఉండదు.

ఇంకొక మాట. సందేశకావ్యం అనే ప్రక్రియకు సందేశం అందుకునే వ్యక్తి ఒకరు కావాలి. ఆ స్థానంలో జాషువా శివుణ్ణి నిలబెట్టినాడు. అది కావ్య నిర్మాణానికి సంబంధించిన ఏర్పాటు. దానిని కవి హృదయంలోని విశ్వాసానికి సాక్ష్యంగా తీసుకోవచ్చునా? పైగా తరువాతి కాలంలో ఆయన నాస్తికత్వం వైపు జరిగినాడని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతున్నారు.

కీర్తన_చదువరి

నేను గుంటూరు ప్రాంతపు క్రైస్తవ కుటుంబంలో పెరిగినదాన్ని. ఈ చర్చలో క్రీస్తుచరిత్రను రెండు వాక్యాలలో పక్కకు నెట్టివేయడం నాకు నచ్చలేదు. అందుచేత కొంత వివరంగా రాస్తున్నాను, పెద్దలు ఓపిక పట్టాలి.

తెలుగు క్రైస్తవుల విశ్వాసానికి సాహిత్య రూపం జాషువాతో మొదలు కాలేదు. మా ఇళ్ళలో బైబిలు పక్కన ఉండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని తెరిస్తే, ప్రతి కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి వంటివారు క్రీస్తును గురించి పాడవలసి వచ్చినప్పుడు త్యాగయ్య వాడిన అచ్చులోనే పాడినారు. ఆ పుస్తకాన్ని పాడుతూ పెరిగినవారికి ఆ దేవుడు పరాయి దేశం నుంచి వచ్చినవాడని అనిపించదు. ఆయన మొదటినుంచీ ఆదితాళంలోనే నడిచినట్టు ఉంటుంది.

కానీ కీర్తన సామూహికమైనది. అది సంఘమంతా కలిసి పాడుకోవడానికి పుట్టినది. అందులో అనుమానానికి, ఒంటరితనానికి చోటు తక్కువ. ఒక కవి తన సొంత గొంతుతో క్రీస్తు కథను పద్యకావ్యంగా చెప్పడం వేరే సంగతి. ఛందోబద్ధమైన పద్యం ఎవరి సొత్తుగా చెలామణి అయినదో, ఎవరిని ఆ గడప దాటనివ్వలేదో మనందరికీ తెలుసు. సభలో పద్యం చదివితే, అంటరానివాణ్ణి ఎందుకు రానిచ్చారని గేలి చేయించుకున్న మనిషి అదే పద్యంలో, పశువుల పాకలో పుట్టి శిలువమీద చనిపోయినవాడి కథను చెప్పినాడు. ఆ రూపాన్ని ఎంచుకోవడంలోనే ఒక విశ్వాస ప్రకటన ఉన్నది. గబ్బిలంలోని నాయకుడు గుడి వెలుపల నిలబడి సందేశం పంపితే, క్రీస్తుచరిత్రలో కవి పద్యమనే గుడిలోకి తానే నడిచి వచ్చి తన దేవుణ్ణి ప్రతిష్ఠించినాడు. ఈ రెండింటిలో ఏది గొప్పదో తేల్చవలసిన అవసరం నాకు కనబడదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. హిందూ పురాణ విషయాల మీద కవిత్వం చెబుతున్నాడని జాషువాను అప్పటి క్రైస్తవ పెద్దలు నిరసించినారు. అటువారికి కులం అడ్డం వచ్చినది, ఇటువారికి మతం అడ్డం వచ్చినది. నా చిన్నతనంలో నేను విన్న ప్రసంగాలలో ఏ బోధకుడూ క్రీస్తుచరిత్ర నుంచి ఒక్క పద్యం చదివిన గుర్తు నాకు లేదు. మా అమ్మ మాత్రం మంచి శుక్రవారం నాడు ఆ పుస్తకం తీసి, అర్థం కాని చోట ఆగి, మళ్ళీ చదివేది. సంఘం చదవని పుస్తకాన్ని ఒక విశ్వాసి ఇంట్లో కూర్చుని చదువుకోవడం ఆధునిక సాహిత్యంలో విశ్వాసం ఎక్కడ ఉంటున్నదో కొంత చెబుతుందని నేను అనుకుంటున్నాను.

రంగస్థలి

నేను పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాను. సిద్ధాంతం నాకు అంతగా తెలియదు, చూసినది చెబుతాను.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారి పాడే శ్మశానం పద్యాలు జాషువావి. నాటకకర్త రాసినవి కావు. ఎప్పుడో నటులు తెచ్చి చేర్చుకున్నారు, అవి అక్కడే స్థిరపడిపోయినవి. ఇప్పుడు వాటిని తీసివేసి నాటకం ఆడితే జనం ఊరుకోరు. నేను వాయించిన ఊళ్ళలో కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది. అంతవరకూ కునికిపాట్లు పడుతున్నవారు కూడా ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకోగానే లేచి కూర్చుంటారు. మంచి కవి కలం నిప్పులలో కరగిపోయినది ఇక్కడే, రాజుగారి అధికార ముద్రిక అంతరించినది ఇక్కడే, లేత ఇల్లాలి నల్లపూసలు గంగపాలైనది ఇక్కడే, పేరుమోసిన చిత్రకారుడి కుంచె నశించినది ఇక్కడే అని సీసపద్యం సాగుతుంది. ఒక్కొక్క పాదం చివర నటుడు రాగం తీస్తుంటే, వెనుక నుంచి వన్స్‌మోర్ కేకలు వస్తాయి. అదే పద్యం మూడోసారి పాడించుకున్న సందర్భాలు ఉన్నవి.

నేను చెప్పిన ఆ పాదాలలో దేవుడి పేరు లేదు. స్వర్గం లేదు, పునర్జన్మ లేదు. అయినా వినేవారిలో చాలామంది చేతులు జోడిస్తారు. పురాణ పురుషుడి నోట క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి మాటలు వింటున్నామని వారిలో ఎందరికి తెలుసునో నాకు తెలియదు. తెలిసిన తరువాత చేతులు దించుకున్నవారిని మాత్రం నేను చూడలేదు.

సంశయాత్ముడు

చర్చ ఒకే కవి చుట్టూ తిరుగుతున్నది కనుక దాన్ని కొంచెం బయటకు లాగుతాను. నేను దైవాన్ని నమ్మను. సాహిత్యాన్ని మాత్రం నమ్మకంగా చదువుతాను. రంగస్థలి గారు చెప్పిన అనుభవం నా వాదానికే బలం ఇస్తున్నది. శ్రోత చేతులు జోడించినది పద్యపు కట్టుబడికి, నటుడి గొంతుకు, తెల్లవారుజాముకు. విశ్వాసం అనే పదార్థం అక్కడ అవసరమే లేకపోయినది.

విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షాన్ని చూడండి. 1970లో జ్ఞానపీఠం వచ్చింది, తెలుగుకు అదే మొదటిది. మళ్ళీ రామాయణం ఎందుకని అడిగేవారికి ఆయన మొదట్లోనే జవాబు చెప్పినాడు: లోకమంతా రోజూ తిన్న అన్నమే తింటున్నది, చేసిన సంసారమే చేస్తున్నది, అయినా ఎవరి రుచి వారిది, ఎవరి అనుభూతి వారిది, నేనూ తలచిన రాముణ్ణే తలుస్తాను, నా భక్తి నాది అని. ఇది భక్తుడి మాటగా కనబడుతుంది గానీ, సరిగా చూస్తే ఇది కళాకారుడి స్వాతంత్ర్య ప్రకటన. కథ అందరిదీ, రుచి నాది అంటున్నాడు. దానికి ఎదురుగా 1970ల్లోనే రంగనాయకమ్మ విషవృక్షం రాసినారు. రామకథ మీద ఏమాత్రం గౌరవం లేని పుస్తకం అది. అయినా దాన్ని ఎందరో విడవకుండా చదివినారు. కల్పవృక్షాన్ని నిలబెట్టినదీ విషవృక్షాన్ని నిలబెట్టినదీ భక్తి కాదు, రచనా శక్తి. కనుక విశ్వాసం కళకు ఇంధనం కావచ్చును గానీ, కొలబద్ద మాత్రం కాజాలదు.

నల్లమల

సంశయాత్ముడు గారూ, కొలబద్ద కాదన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే ఇంధనం అని తేలికగా అనేశారు. కల్పవృక్షంలో కైక పాత్రను ఒకసారి గుర్తు చేసుకోండి. మనకు అలవాటైన కైక రాజ్యం కోసం కన్నూమిన్నూ కానని సవతి తల్లి. విశ్వనాథ కైక రాముడిమీద ప్రాణం పెట్టుకున్న తల్లి. అతడు అడవికి వెళ్ళవలసిన పని ఉన్నదని ఎరిగి, లోకం వేసే నింద అంతా తన నెత్తిన వేసుకున్న మనిషి. ఈ కల్పన ఎక్కడనుంచి వచ్చినది? రాముడు అవతార పురుషుడని, అతని వనవాసం ప్రమాదవశాత్తు జరిగినది కాదని గట్టిగా నమ్మినవాడికే, ఆ వనవాసానికి కారణమైన స్త్రీ కేవలం దుష్టురాలు ఎలా అవుతుందన్న ప్రశ్న పుడుతుంది. నమ్మనివాడికి కైక దుష్టురాలైతే నష్టం ఏమున్నది? అక్కడ నమ్మకమే కల్పనను బలవంతం చేసినది. విశ్వాసం ఊహకు కళ్ళెం వేస్తుందని మనం సాధారణంగా అనుకుంటాము. ఒక్కొక్కసారి అది ఊహకు మరో దారి లేకుండా చేసి, కొత్త దారి తొక్కిస్తుంది.

పద్యపాఠకుడు గారికి: శివుడు కేవలం నిర్మాణపు ఏర్పాటు అయితే, ఆ స్థానంలో ఒక రాజునో, ఒక దేశ నాయకుణ్ణో పెట్టినా కావ్యం నడవాలి. 1941 నాటికి అటువంటి నాయకులు మనకు తక్కువ కాదు కదా.

జుమేరాత్

పెద్దల చర్చ శ్రద్ధగా చదివాను. నమ్మిన కవి, నమ్మని కవి అని మీరు చేస్తున్న విభజన మాబోటివారికి సరిగా అతకదు. తెలుగులో రాసే ముస్లిం రచయిత ముందుకు మొదట వచ్చే ప్రశ్న నీవు నమ్ముతావా అని కాదు. నీవు ఎవరు అని. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ రాసినప్పుడు అది మత కవిత కాలేదు. ఒక మనిషి పుట్టుకనే అతని మీద నేరంగా మోపితే ఎలా ఉంటుందో చెప్పిన కవిత అది. 1998లో జల్‌జలా అనే ముస్లింవాద కవితా సంకలనం వచ్చేనాటికి ఆ గొంతులు ఎన్నో అయినవి. వాటిలో సొంత సమాజాన్ని నిలదీసిన గొంతులూ ఉన్నవి.

ఇంతకంటే వెనుకకు వెళితే పిఠాపురంలో ఉమర్ అలీషా ఉన్నారు. సూఫీ పీఠానికి అధిపతిగా ఉంటూ తెలుగు పద్యంలో కవిత్వం చెప్పినవారు. ఆయనకు విశ్వాసం, పద్యం రెండూ వారసత్వంగా కలిసే వచ్చినట్టు ఉంటుంది. వాటి మధ్య తగవు కనబడదు. మా తరానికి ఆ సౌకర్యం లేదు.

వేంపల్లె షరీఫ్ జుమ్మా కథ చదవని వారు ఉంటే చదవండి. ఆ సంపుటికి 2011లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. కొడుకు శుక్రవారం నమాజుకు తప్పక వెళ్ళాలని పట్టుబట్టే తల్లి ఆ కథలో ఉన్నది. 2007 మే 18, శుక్రవారం నాడు హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత అదే తల్లి కొడుకును మసీదుకు వెళ్ళవద్దంటుంది. కథ అంతే. ఆమె నమ్మకం పోయినదా? పోలేదు. నమ్మకం ఉన్నది, అది నడవవలసిన దారి మూసుకుపోయినది. ఇక్కడ కల్పన చేసిన పని ఎంత చిన్నదో చూడండి: గబ్బిలం లేదు, గంగ లేదు, ఒక తల్లి నోట ఒక మాట మారింది. వచన కథలో విశ్వాసం ఇలాగే కనబడుతుందని నా అనుభవం. వారం వారం చేసే పనిలో ఉంటుంది, ఆ పని ఆగిన రోజున బయటపడుతుంది. మీరు పద్యం దగ్గరే ఆగిపోతే ఇది మీ దృష్టికి రాదు.

అట్లాంటా_అరుగు

ఇక్కడ మేము కొందరం నెలకు ఒకసారి కలిసి తెలుగు పుస్తకాలు చదువుకుంటాము. ఓల్గా గారి విముక్త (2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం) చదివిన నెలలో మాటలు కొంచెం వేడెక్కినవి. సీత అడవిలో శూర్పణఖను, అహల్యను, రేణుకను కలుసుకొని మాట్లాడడం, చివరికి తన దారి తాను తెలుసుకోవడం ఒక పెద్దాయనకు మింగుడు పడలేదు. నిత్య పారాయణం చేసే మనిషి ఆయన. సీతమ్మను ఇలా వాడుకోకూడదని గట్టిగా వాదించినారు. కానీ ముక్కుచెవులు కోల్పోయిన శూర్పణఖ తన చేతులతో పెంచుకున్న తోట దగ్గరకు వచ్చేసరికి, ఆ పేజీలను ఆయనే పైకి చదివి వినిపించినారు. రచయిత్రి భక్తితో రాయలేదు, సరే. పాఠకుడు తన భక్తిని తీసుకువచ్చి ఆ కథలో పెట్టుకుంటే కాదనేవారు ఎవరు? సంశయాత్ముడు గారు రచయిత వైపునుంచే చూస్తున్నారని నాకు అనిపిస్తున్నది.

సంశయాత్ముడు

అంగీకరిస్తాను, సగం వరకు. పాఠకుడు తెచ్చుకునేది పాఠకుడి ఆస్తి. దానిని రచన ఖాతాలో జమ వేయవద్దని మాత్రమే నా విన్నపం. జుమేరాత్ గారు చెప్పిన కథ మీద నాకు వాదించడానికి ఏమీ లేదు. ఆ తల్లి మాట ముందు నా ఇంధనం, కొలబద్ద రెండూ పనికిరాని పరికరాలే. ఈ రాత్రికి ఆ పుస్తకం తెప్పించుకుంటాను.

పద్యపాఠకుడు

నల్లమల గారు రాజును పెట్టి చూడమన్నారు. పెట్టి చూశాను, కావ్యం కూలిపోయినది. రాజుకు అందరి గోడూ వినవలసిన బాధ్యత ఉన్నదని ఎవరూ గట్టిగా నమ్మరు. దేవుడికి ఆ బాధ్యత ఉన్నదని నమ్మినట్టు అందరూ చెప్పుకుంటారు. ఆ చెప్పుకోవడాన్నే జాషువా పట్టుకున్నాడు. మీ దేవుడు అందరివాడని మీరే అంటున్నారు కదా, అయితే నా మాట ఆయన చెవిన పడడానికి గబ్బిలం ఎందుకు కావలసి వచ్చిందో మీరే చెప్పండి అని అడుగుతున్నాడు. ఇది విశ్వాసి వేసిన దావా అని మీరు అంటారు. ఎదుటివాడి విశ్వాసాన్ని సాక్షిగా బోనులో నిలబెట్టిన న్యాయవాది పని అని నేను అంటాను. న్యాయవాదికి సొంత నమ్మకం ఉండవచ్చును, లేకపోవచ్చును. వాదన మాత్రం రెండు విధాలా నిలుస్తుంది.

అయితే పూజారి లేని వేళ అన్న మాట దగ్గర నేనూ ఆగవలసి వస్తున్నది. దేవుణ్ణి ఉంచుకొని పూజారిని పక్కకు పంపాలనుకోవడం కేవలం వాదనా చాతుర్యం కోసం చేసే పని కాదు. వాదన గెలవాలంటే పూజారి అక్కడ ఉండగానే చెప్పమనాలి, పదిమందిలో నిలదీయమనాలి. ఇతడు ఏకాంతం కోరుతున్నాడు. ఆ ఏకాంతం ఎందుకు కోరినాడో నా సిద్ధాంతంతో పూర్తిగా చెప్పలేకపోతున్నాను. పూజారి ఉంటే గబ్బిలాన్ని తరిమివేస్తాడనే లౌక్యం ఒక్కటే అందుకు చాలునా అన్నది ఇంకా ఆలోచిస్తున్నాను.

రంగస్థలి

మా నాటకాల భాషలో చెప్పాలంటే, అది స్వగతం. స్వగతం ఎదుటి పాత్ర కోసం చెప్పేది కాదు గానీ, ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి వినబడేటట్టు చెప్పాలి.

కీర్తన_చదువరి

ఏకాంతం గురించి పద్యపాఠకుడు గారు లేవనెత్తిన మాట క్రీస్తు కథకు కూడా వర్తిస్తుంది. పట్టుబడే ముందు రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులు నిద్రపోతుండగా ఆయన ఒంటరిగా ప్రార్థించిన ఘట్టం సువార్తలలో ఉన్నది. ఈ గిన్నె నా నుంచి తొలగించమని అడుగుతాడు. అక్కడా మధ్యవర్తి లేడు, వినేవారు లేరు. గబ్బిలం రాసిన కవి చేతిలో ఆ తోట ఎలా రూపుకట్టిందో ఈసారి ప్రత్యేకించి చూడాలని ఉన్నది. క్రీస్తుచరిత్రను మొదటినుంచి చదువుతూ ఇదే విభాగంలో వేరే చర్చ ప్రారంభిస్తాను. ఛందస్సు, ప్రతిపదార్థాల విషయంలో పద్యపాఠకుడు గారు తోడు ఉంటే నా పని తేలికవుతుంది. పుస్తకం దొరకనివారు తెలియజేస్తే, ఏ గ్రంథాలయాలలో ఉన్నదో కనుక్కొని అక్కడే రాస్తాను.